కోచ్ గారు ఇక మా మధ్య లేరు

డన్‌మోర్ స్టేట్ కాలేజీ, అలబామా,
1986 డిసెంబరు 3.

గౌరవనీయులైన శ్రీమతి వెర్నెల్ గ్యాడిస్ గారికి,

డన్‌మోర్ స్టేట్ ఫుట్‌బాల్ జట్టు సహాయ కోచ్ హోబర్ట్ టిండల్ నమస్కరించి రాయునది. మీరూ, మీ మనవడు టైరీ క్షేమమని తలుస్తాను.

నేను మీకు గుర్తుండే ఉంటాను. పోయిన నెల మా హెడ్ కోచ్ బక్ రాడ్‌నర్ గారితో మీ ఇంటికి వచ్చి, ఆయన మాట్లాడుతున్నంతసేపూ పక్కన కూర్చుని తిన్నవాణ్ణి. మాట్లాడటం ఆయన పని, తినడం నా పని అని కారులోనే పంచుకున్నాం. మీరు చేసిన చిలగడదుంప ‘పై’, ఆ తీపి రొట్టె, మూడు ముక్కలు తిని, నాలుగోదానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అమ్మగారూ, మా ఫుట్‌బాల్ కుటుంబంలో అనుకోని విషాదం జరిగింది. కోచ్ రాడ్‌నర్ గారు ఇక మా మధ్య లేరు. అంతా రెండు రోజుల్లో అయిపోయింది. ఇలాంటి సమయంలో వివరాలు రాయడం మర్యాద కాదు. వెళ్ళేముందు కూడా ఆయన టైరీ పేరే తలుచుకున్నారు. ‘ఆ కుర్రాణ్ణి మాత్రం వదలకు హోబర్ట్’ అన్నారు.

టైరీ లాంటివాడు ముందు లైన్‌లో నిలబడితే అవతలి జట్టువాళ్ళు ఇంటికి ఆఖరి ఉత్తరాలు రాసుకుంటారు. వాడు మాకు ఇచ్చిన మాట మీద ఉంటాడనీ, ఫిబ్రవరి పదకొండున, ఆటగాళ్ళు కాలేజీలకి కట్టుబడే సంతకాల రోజున, మా కాగితం మీదే సంతకం పెడతాడనీ నమ్ముతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
హోబర్ట్ టిండల్

తా.క. మా ఆఫీసులో అందరూ తలలు వంచుకుని తిరుగుతున్నారు. నేను ఎప్పుడూ అలాగే తిరుగుతాను కాబట్టి నాలో తేడా ఎవరికీ కనిపించడం లేదు.

*

సిప్సీ బెండ్,
డిసెంబరు 9.

ప్రభువైన యేసు నామమున కోచ్ టిండల్ గారికి వందనములు.

మీ ఉత్తరం శనివారం అందింది. చదివి కుర్చీలో కూలబడ్డాను. టైరీ పరిగెత్తుకొచ్చి, ‘ఏమైంది నానమ్మా?’ అన్నాడు. ‘ఆ పెద్దాయన పోయాడురా’ అన్నాను. వాడు నెత్తిమీద టోపీ తీసి అలాగే నిలబడిపోయాడు. ఎంత నిండైన మనిషి! మొన్న గదా నా సోఫాలో కూర్చుని, ‘మీవాణ్ణి నా కొడుకులా చూసుకుంటానమ్మా’ అని నా చెయ్యి పట్టుకున్నాడు!

ఆదివారం చర్చిలో లేచి నిలబడి సంగతి చెప్పాను. పాస్టర్ ఎఫ్రాయిమ్ బాస్ గారు పన్నెండు నిమిషాలు ప్రార్థన చేశారు. గాయకులు రెండు పాటలు పాడారు. సిస్టర్ ల్యూటీ కాబ్ సొమ్మసిల్లింది. ఆమె మీ కోచ్‌ని చూడనుకూడా లేదు, కానీ ఎవరు పోయినా ఆమె సొమ్మసిల్లుతుంది.

మేం నలభై ఒక్కమందిమి సంతకాలు చేసిన సంతాపం కార్డూ, నేను చేసిన వెన్న కేకూ శ్రీమతి రాడ్‌నర్ గారికి పంపించాను. పాపం, ఆ తల్లి ఎలా ఉందో కనుక్కుని రాయండి.

ప్రభువు మీకు ఓదార్పు నిచ్చుగాక.

వెర్నెల్ గ్యాడిస్

తా.క. ఏ జబ్బు చేసిందో మీరు రాయలేదు. మా ఇంట్లో ఆయన ఆకుకూరలో మూడుసార్లు ఉప్పు వేసుకున్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ మాట నన్ను తొలిచేస్తోంది.

*

డన్‌మోర్,
డిసెంబరు 15.

అమ్మగారికి,

క్షేమసమాచారాలు అడిగే మొహం నాకు లేదు. నేరుగా విషయానికి వస్తాను.

రాడ్‌నర్ గారు బతికే ఉన్నారు. ఫ్లోరిడాలో బావమరిది ఇంట్లో ఉండి చేపలు పట్టుకుంటున్నారు. ఉప్పు వల్ల ఏమీ కాలేదు, మీరు నిశ్చింతగా ఉండండి. ‘మా మధ్య లేరు’ అంటే ఉద్యోగంలో లేరని. తీసేశారు. నేను ఆ ఉత్తరం రాసేటప్పుడు కాలేజీ వకీలు నా వెనకాల నిలబడ్డాడు. ‘తీసేశారు అని రాయకు. తప్పు అని రాయకు. వ్యాసం అని అసలే రాయకు’ అంటూ ఒక్కొక్క మాటా కొట్టించాడు. అన్నీ కొట్టేశాక చివరికి మిగిలింది చావు ఒక్కటే.

మీ కార్డు అందగానే శ్రీమతి రాడ్‌నర్ నాకు ఫోన్ చేసింది. ‘హోబర్ట్, నేను విధవనయ్యానా? ఊరంతటికీ తెలిసి నాకెవరూ చెప్పరేం?’ అంది. తర్వాత ఆ కార్డు ఆయనకి ఫోన్లో చదివి వినిపించిందట. ఆయన ఏడ్చాడట. ‘ముప్పై ఏళ్ళలో ఆ ఊళ్ళో ఒక్కరూ నా గురించి ఇంత మంచిమాట అనలేదు’ అన్నాడట.

ఇక అసలు సంగతి. మీరు పత్రికలో చదివే లోపల నేనే చెప్పాలి. మా కాలేజీలో మొదటి ఏడాది వాళ్ళకి ఇంగ్లిషు చెప్పే ఇమోజీన్ ఫాల్క్ మేడమ్ పిల్లల్ని ఒక వ్యాసం రాయమన్నారు. మా జట్టు పిల్లలు పదకొండు మంది ‘మా నానమ్మ చనిపోయిన రోజు’ అని రాసిచ్చారు. పదకొండు మంది నానమ్మలూ ఒకే మంగళవారం, ఒకే గుండెపోటుతో, పొయ్యిలో పీచ్ పళ్ళ ‘పై’ మాడిపోతుండగా కన్నుమూశారు. ఒకడి కాగితం మీద ‘ఇక్కడ నీ పేరు రాయి’ అన్న మాట అలాగే ఉంది. ఆ వ్యాసం రాసి, పదకొండుసార్లు టైపు చేయించి, పిల్లల చేతుల్లో పెట్టినవారు రాడ్‌నర్ గారే. అలాంటివి అంతకు ముందు కూడా చాలా జరిగాయని ఇప్పుడు తేలింది.

మిమ్మల్ని అందరి ముందూ నవ్వులపాలు చేసినందుకు క్షమించండి.

హోబర్ట్ టిండల్

తా.క. రాడ్‌నర్ గారి సొంత నానమ్మకి తొంభై మూడేళ్ళు, బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. పత్రిక చదివి ఆమె కూడా ఫోన్ చేసింది. ‘నేను పీచ్ పళ్ళ పై మాడబెట్టానని ఎలా రాశాడు వాడు?’ అని. మిగతా వాటి గురించి ఆమెకి పట్టింపు లేదు.

తా.క. 2. కేకులో ఒక ముక్క శ్రీమతి రాడ్‌నర్ నాకూ పంపింది. దుఃఖంలో ఉన్నవాళ్ళ కోసం చేసిన కేకుకి ఈ కాలేజీలో నాకంటే అర్హుడు లేడు.

*

సిప్సీ బెండ్,
డిసెంబరు 22.

కోచ్ టిండల్ గారికి,

వందనములు తర్వాత చెబుతాను.

నిన్న చర్చిలో మళ్ళీ లేచి, పోయినవాడు పోలేదని చెప్పాల్సి వచ్చింది. సిస్టర్ ల్యూటీ మళ్ళీ సొమ్మసిల్లింది. పాస్టర్ గారు నన్ను పక్కకి పిలిచి, ‘సిస్టర్ గ్యాడిస్, ఈసారి నుంచి శవాన్ని చూశాక వచ్చి చెప్పండి’ అన్నారు. నలభై ఏళ్ళుగా ఆ చర్చిలో నా మాటకి ఎదురులేదు. మీ ఒక్క ఉత్తరంతో అది పోయింది.

ఇంకొక సంగతి. నేను టైరీకి నానమ్మని. వాడు మీ జట్టులో చేరితే నేను ఎప్పుడు పోవాలో ముందుగా తెలియజేయండి. మంగళవారం మాత్రం కుదరదు, బట్టలు ఇస్త్రీ చేసుకునే రోజు.

కార్మైకేల్ యూనివర్సిటీ కోచ్ వచ్చి వెళ్ళాడు. అతని బూట్లలో మొహం చూసుకోవచ్చు. ‘డన్‌మోర్ మునిగిపోయే పడవమ్మా. అందరూ దూకేశారు. టిండల్ ఒక్కడే మిగిలాడు, ఎందుకంటే అతనికి ఈత రాదు’ అన్నాడు. నేను నవ్వలేదు. టైరీ నవ్వాడు, వాణ్ణి మందలించాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి నేనూ నవ్వాను.

ఇప్పుడు వకీలుని గదిలోంచి పంపించేసి, నేనడిగిన వాటికి సూటిగా జవాబు రాయండి. మీ జట్టుకి ఇప్పుడు పెద్ద ఎవరు? ఇంత జరిగాక జట్టుని ఆడనిస్తారా? మావాడు ఆడటమే కాదు, చదువుతాడా? వాడు ఎవరు చెయ్యి గట్టిగా కలిపితే వాళ్ళ వెంట వెళ్ళిపోయే రకం. వాడి తరఫున ఆలోచించాల్సింది నేనే.

మరొకటి. పదకొండూ చివరిదాకా చదివిన ఆ మేడమ్ ఏమైంది? చావని మనిషి గురించి పేజీ నిండా రాశారు, ఆమె గురించి ఒక ముక్క లేదు.

వెర్నెల్ గ్యాడిస్

తా.క. శ్రీమతి రాడ్‌నర్ దగ్గర కేకు పళ్ళెం ఉండిపోయింది. తెచ్చి పంపండి. అది మా అత్తగారిది.

*

డన్‌మోర్,
1987 జనవరి 6.

అమ్మగారికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.

వకీలు భోజనానికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోగా రాసేస్తాను.

ముందు పళ్ళెం. తెచ్చాను, నా బల్ల మీదే ఉంది. కానీ మేము చేర్చుకోవాలనుకునే ఆటగాడి ఇంటికి ఏ వస్తువూ పంపకూడదని ఆటల సంఘం నిబంధన. ‘వాళ్ళ పళ్ళెం వాళ్ళకే పంపుతున్నానండీ’ అంటే, ‘వస్తువా, కాదా?’ అని అడిగారు. మోసం చేసినన్నాళ్ళూ మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు. పళ్ళెం దగ్గర పట్టుకున్నారు.

ఈత సంగతి నిజమే. నాకు రాదు. మీరడిగిన పెద్దని నేనే, తాత్కాలికంగా. ఎలాగయ్యానో చెబుతాను. సంఘం వాళ్ళు వచ్చి నన్ను నాలుగు గంటలు ప్రశ్నించారు. వ్యాసాలు తెలుసా? తెలియదు. టైపు మిషన్ తెలుసా? తెలియదు. పక్క గదిలో ఆరేళ్ళుగా జరుగుతుంటే ఏం చేస్తున్నావు? భోంచేస్తున్నానండీ. చివరికి ‘ఈయనకు ఏమీ తెలియదు’ అని రాసి సంతకాలు పెట్టారు. కాలేజీ పెద్దలు దాన్ని యోగ్యతాపత్రం అనుకుని నన్ను హెడ్ కోచ్‌ని చేశారు. మా ఆవిడ ఆ కాగితాన్ని చట్రం కట్టించమంటోంది.

ఆడనిస్తారు. కానీ రెండేళ్ళు టీవీలో చూపించరు, ఎంత గెలిచినా చివరి పెద్ద ఆటలకి పంపరు. మాకు మాటిచ్చిన ఇరవై రెండు మందిలో పంతొమ్మిది మంది వేరే కాలేజీలకి వెళ్ళిపోయారు. మొన్న ఒక ఇంటికి వెళ్తే, ఆ తల్లి తలుపు సందులోంచే, ‘మా అత్తగారు ఆరోగ్యంగా ఉన్నారు, మాకు మీ వ్యాసాలొద్దు’ అని తలుపేసేసింది. మిగిలిన ముగ్గురిలో ఒకడు మీ టైరీ. రెండోవాడి తండ్రి పత్రిక చదవడు. మూడోవాడు బంతిని తన్నడానికి మాత్రమే మైదానంలోకి దిగే కుర్రాడు. నిన్న ఫోన్ చేసి, ‘రాడ్‌నర్ గారు బాగున్నారా సార్?’ అని అడిగాడు.

ఇక ఫాల్క్ మేడమ్. రాయలేదంటే సిగ్గుపడి రాయలేదు. ఊళ్ళో ఆమెని ఎవరూ పలకరించడం లేదు. హోటల్లో ఆమెకి కాఫీ సగం కప్పే పోస్తున్నారు. జట్టుని నాశనం చేసిందట. నేను కూడా ఒకరోజు ఆమె ఎదురొస్తుంటే రోడ్డు దాటి అవతలికి వెళ్ళాను. అక్కడ బూట్ల దుకాణం ఉంటే, ఎందుకొచ్చానో చెప్పుకోలేక ఒక జత కొనుక్కున్నాను. అవి కరుస్తున్నాయి. నాకు అలాగే కావాలి.

మీ ఉత్తరం వచ్చాక ఆమె గదికి వెళ్ళాను.

‘మేడమ్, అడగొచ్చో లేదో... ఎలా పట్టుకున్నారు?’

‘చదివాను.’

‘అంటే ముందే ఏదైనా అనుమానం వచ్చి...’

‘కోచ్ గారూ, పిల్లలు రాసిస్తారు, నేను చదువుతాను. ఇందులో పట్టుకోవడమేముంది?’ అన్నారు. ‘మొదటి వ్యాసానికి ఏడ్చాను కూడా. రెండోదానికి అదేమిటనుకున్నాను. మూడోదానికి ఒళ్ళు మండింది. మిగతా ఎనిమిదీ ఆ పిల్లల కోసం చదివాను, ఎక్కడైనా ఒక్క వాక్యం వాళ్ళది దొరుకుతుందేమోనని’ అన్నారు.

‘దొరికిందా?’

‘ఒకడు చివర పెన్సిల్‌తో రాశాడు: మా నానమ్మ నిజానికి బాగానే ఉంది, అని.’

అమ్మగారూ, ఆ పదకొండు మందిలో ఆరుగురు నేను తయారుచేసినవాళ్ళు. ఒక్కొక్కడి బరువు నాకు తెలుసు, బూట్ల సైజు తెలుసు, ఎవడికి ఏ మోకాలు నొప్పో తెలుసు. ఏం చదువుతున్నావురా అని ఒక్కరినీ ఒక్కసారీ అడగలేదు. కాబట్టి మీవాడు ఇక్కడ చదువుతాడా అంటే, నాకు తెలియదు. సంఘం వాళ్ళు రాసిచ్చింది అక్షరాలా నిజం.

ఇట్లు,
హోబర్ట్ టిండల్

తా.క. వకీలు వచ్చేస్తున్నాడు. మెట్ల మీద వినిపిస్తోంది.

*

సిప్సీ బెండ్,
జనవరి 14.

టిండల్ బాబుకి ప్రభువు పేరిట వందనములు.

ఈసారి వందనములు మనస్ఫూర్తిగానే రాశాను.

మీ ఉత్తరం బుధవారం ప్రార్థన అయ్యాక మా ఆడవాళ్ళకి చదివి వినిపించాను. బూట్ల దుకాణం దగ్గర నవ్వారు. పెన్సిల్ కుర్రాడి దగ్గర ఎవరూ నవ్వలేదు.

కార్మైకేల్ కోచ్ మళ్ళీ వచ్చాడు. మీరు నిజం రాశారని చెబితే, ‘అది పాత ఎత్తమ్మా. నిజం చెప్పి బుట్టలో వేసుకుంటున్నాడు’ అన్నాడు. ‘నిజం చెప్పడం ఎత్తయితే, నువ్వూ ఒకసారి వేసి చూడు నాయనా’ అన్నాను. దానికి అతను మా గోడమీద ఫోటోలు బాగున్నాయన్నాడు.

అయినా బాబూ, నాకూ ఒక మూల అనుమానం ఉంది. తినడం తప్ప రాదన్న మనిషి ఇంత బాగా ఉత్తరాలు ఎలా రాస్తున్నాడు? మీకు ఎవరైనా రాసిపెడుతున్నారా? మీ కాలేజీలో ఆ అలవాటు ఉందని విన్నాను కాబట్టి అడుగుతున్నాను.

ఒక పని చేయండి. దీంతో ఒక వ్యాసం జత చేశాను. పైన టైరీ పేరు ఉంది. దీన్ని ఫాల్క్ మేడమ్‌కి ఇవ్వండి. మీరు దిద్దకూడదు. ఆమెని మొహమాటపెట్టకూడదు. మీ జట్టుకి ఈ కుర్రాడు ఎంత అవసరమో చెప్పకూడదు. ఆమె ఏమంటే అది, ఉన్నదున్నట్టు, నాకు రాయండి. అప్పుడు తేల్చుకుంటాను.

వెర్నెల్ గ్యాడిస్

తా.క. కాగితం వస్తువు కిందికి వస్తుందేమో మీ సంఘాన్ని అడగండి. మళ్ళీ అది కూడా మీ బల్ల మీద ఉండిపోతే కష్టం.

*

డన్‌మోర్,
జనవరి 28.

అమ్మగారికి నమస్కారాలు.

నా ఉత్తరాలు నేనే రాసుకుంటున్నాను. ఎవరైనా రాసిపెట్టి ఉంటే మొదటిదాంతో ఒక మనిషి చచ్చిపోయేవాడు కాదు.

వ్యాసం ఫాల్క్ మేడమ్‌కి ఇచ్చాను. ‘దీని గురించి నేనేమీ చెప్పకూడదు’ అని మాత్రం చెప్పాను. ఆమె నిలబడే మొదలుపెట్టారు. రెండో పేజీకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను గుమ్మంలో కరిచే బూట్లతో నిలబడ్డాను.

‘ఈ అబ్బాయికి వయసెంత?’ అన్నారు.

‘పదిహేడండీ.’

‘కోళ్ళ ఫ్యాక్టరీలో ఎన్నేళ్ళు పనిచేశాడు?’

వేసవి సెలవుల్లో ఏమైనా చేశాడేమోనన్నాను. ఆమె నన్ను అదోలా చూసి, ఒక చోటు చదివి వినిపించారు. పది గంటలకల్లా ఐసునీళ్ళలో చేతులు మొద్దుబారిపోతాయని, పని దిగేటప్పుడు ఎవరి కోటు గుండీలు వాళ్ళు పెట్టుకోలేక ఆడవాళ్ళు వరసగా నిలబడి ఒకరి గుండీలు ఒకరు పెడతారని ఉంది. నేను బయటి వైపు తిరిగి దగ్గాను.

ఆమె తీర్పు ఉన్నదున్నట్టు ఇది: ‘కామాలు లేవు. ఒక వాక్యం పేజీన్నర నడిచింది. అయినా మధ్యలో ఆపలేకపోయాను. ఈ మనిషికి చెప్పడానికి చాలా ఉంది. ఎక్కడ ఆగాలో చూపించేవాళ్ళు కావాలి. ఒక ఏడాది నా క్లాసులో కూర్చోబెట్టండి. ఆట ఏమీ లేకుండా. గ్రేడు, బి మైనస్.’

‘ఆట లేకుండానా?’ అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడిలా వినిపించింది.

‘ఆట లేకుండా’ అన్నారు.

అమ్మగారూ, ఈ ఉత్తరం రాయడం ఇది నాలుగోసారి. మొదటిసారి ‘ఆట లేకుండా’ అన్న మాట వదిలేశాను. రెండోసారి బి మైనస్‌ని బి చేశాను. మూడోసారి మొత్తం చాలా బాగా కుదిరింది, అందులో ఒక్క నిజమూ లేదు. రాడ్‌నర్ గారు కూడా ఇలాగే మొదలుపెట్టి ఉంటారనిపించి చింపేశాను.

నాకు టైరీ ఈ సెప్టెంబరుకే కావాలి. ఆ మరుసటి సెప్టెంబరుకి ఈ కుర్చీలో నేనుండను. ఒక్క పేరున్న ఆటగాణ్ణయినా తేకపోతే ఇప్పుడే ఉండనేమో. అందుకే ఇక్కడికి వాణ్ణి పంపకండి. నేను వాడితో ఏడాది ఆగమని అనలేను. నన్ను నేనెరుగుదును, సెప్టెంబరు మొదటివారంలోనే హెల్మెట్ పెట్టి మైదానంలోకి దింపేస్తాను. కార్మైకేల్‌లో ఆటగాళ్ళని ఒక ఏడాది ఆపి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించే చోటుంది. ఫాల్క్ మేడమ్ స్నేహితురాలే దాన్ని నడుపుతున్నారట. ఆ కోచ్ బూట్లు ఎలా ఉన్నా సరే, అక్కడికే పంపండి.

ఇది ఎత్తు కాదు. నాకు ఎత్తులు రావు. అంత మోసం చేసి కూడా పోయిన ఏడాది మేము పదకొండు ఆటల్లో ఏడు ఓడాం.

ఒకటి చెప్పి ముగిస్తాను. నేనూ ఈ కాలేజీలోనే ఆడాను. మొదటి ఏడాది ఇంగ్లిషు వ్యాసాలు నాకు ఎవరో రాసిచ్చారు. ఎవరో కూడా గుర్తులేదు. ఇరవై ఆరేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. సంఘం వాళ్ళు అడగలేదు.

హోబర్ట్ టిండల్

తా.క. టైరీ మా ఆటగాడు కాడని తేలిన మర్నాడే పళ్ళెం పంపేయవచ్చట. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనిపిస్తున్న లాభం అదొక్కటే.

*

సిప్సీ బెండ్,
ఫిబ్రవరి 12.

హోబర్ట్ బాబుకి ప్రభువైన యేసు నామమున వందనములు.

నిన్న టైరీ కార్మైకేల్ కాగితం మీద సంతకం చేశాడు. మొదటి ఏడాది ఆట ఉండదని, రోజూ చదువు ఉంటుందని ఆ కోచ్ చేత ముందు రాయించుకున్నాను. అతను పెన్ను లేదన్నాడు. నేనిచ్చాను. టైరీ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాడు. ‘చెయ్యి గట్టిగా కలిపింది ఆయనే నానమ్మా’ అని రెండుసార్లు అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది. కూర్చుని చదవండి.

ఆ వ్యాసం టైరీది కాదు. నాది.

వాడు కోళ్ళ ఫ్యాక్టరీ గేటు కూడా చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఐసునీళ్ళలో చేతులు పెడుతున్నది నేను. పదో తరగతిలో ఆపేసిన చదువు, నలభై ఎనిమిదో ఏట పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఏదో ఒకటి రాసి బైబిలు కింద పెడుతూనే ఉన్నాను. చదివి చెప్పేవాళ్ళు లేరు. పాస్టర్ గారికి ఒకటి చూపిస్తే, ‘చాలా బాగుంది సిస్టర్’ అన్నారు. మూడోపేజీ నాలుగోపేజీ అతుక్కుపోయి ఉన్నాయి, ఆయన విడదీయనే లేదు.

పదకొండూ చివరిదాకా చదివిన మనిషి ఒకరున్నారని మీరు రాసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. నా పేరుతో పంపితే, పెద్దావిడ కదా పాపం అని మంచిమాట చెబుతారేమోనని భయపడ్డాను. అందుకే పైన మావాడి పేరు పెట్టాను. మీ రాడ్‌నర్ పదకొండు చేశాడు, నేను ఒకటి చేశాను. అక్కడ మనవళ్ళ పేరుతో నానమ్మలు పోయారు, ఇక్కడ మనవడి పేరుతో నానమ్మ రాసింది. సంఘం వాళ్ళు విచారణకి వస్తే ఆదివారం తప్ప ఎప్పుడైనా రమ్మనండి.

మీరు నమ్మకంగా తీసుకెళ్ళి ఇస్తారో లేదో, ఇచ్చాక ఏం రాస్తారో చూద్దామని కూడా అనుకున్నాను. మిమ్మల్ని అలా పరీక్షించడం నా తప్పే. మన్నించండి. బి మైనస్ చూసి వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వాను. తర్వాత కొంచెం ఏడ్చాను. బి ఎందుకో నాకు తెలుసు. ఆ మైనస్ ఎందుకో మేడమ్‌నే అడగాలి.

అడగడానికి వస్తున్నాను. ఫ్యాక్టరీలో జూన్‌తో నా పని అయిపోతుంది. మీ ఊళ్ళో మా మేనకోడలు ఉంటుంది, గది ఇస్తానంది. డన్‌మోర్ స్టేట్ వాళ్ళు నన్ను చేర్చుకున్నామని నిన్ననే కాగితం పంపారు. మా ఇంట్లోంచి ఒకరిని తీసుకెళ్ళాలని మీరు ఇన్ని నెలలు తంటాలు పడ్డారు. ఒకరు వస్తున్నారు. లైన్‌లో నిలబెట్టకండి, మోకాళ్ళు బాగాలేవు.

దరఖాస్తులో ‘ఈ కాలేజీ గురించి మీకు ఎవరు చెప్పారు?’ అని అడిగారు. మీ పేరు రాశాను. ‘ఏమని చెప్పారు?’ అన్న చోట ‘రావద్దన్నారు’ అని రాశాను.

మీ ఉద్యోగం ఉంటుందో పోతుందో నాకు తెలియదు. మా బుధవారం ప్రార్థనలో మీ పేరు చదువుతున్నాం. ఈసారి బతికున్నవాళ్ళ జాబితాలోనే.

ఇట్లు,
డన్‌మోర్ స్టేట్ మొదటి ఏడాది విద్యార్థిని,
వెర్నెల్ గ్యాడిస్

తా.క. ఇరవై ఆరేళ్ళ కిందట ఎవరో మీకు రాసిపెట్టిన సంగతి గురించి ఆలోచించాను. ఫాల్క్ మేడమ్‌కి ఫోన్ చేసి, మీ పేరు చెప్పకుండా అడిగాను. మొదటి ఏడాది ఇంగ్లిషులో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చట, ఉద్యోగం ఉన్నవాళ్ళయినా, లేనివాళ్ళయినా. క్లాసు పొద్దున ఎనిమిదింటికి. మీ కోసం ఫారం తెప్పించి, నాకు తెలిసినంతవరకు నింపి జత చేశాను. సంతకం మాత్రం మీరే చేయాలి. చదివి చేయండి.